పోలియో కాదన్నారు

ఈ మధ్య ఫిజియోథెరపీ కోర్సు పూర్తిచేసిన ఒక అమ్మాయి మా ఇంటికొచ్చి, "మేడమ్, మీ రోజుల్లో మెషీన్లు లేకుండా ఎలా చేసేవారండీ?" అని అడిగింది. చేతులతో చేసేవాళ్ళం, నోటితో చేసేవాళ్ళం అన్నాను. ఆ పిల్ల నవ్వింది. నేను నవ్వులాటకి అనలేదు. చేతులతో ఏం చేయాలో కాలేజీలో నేర్పుతారు. ఎవరితో ఏం మాట్లాడాలో, ఏ మాట ఎంతవరకు చెప్పి ఆగాలో మాత్రం ఎక్కడా నేర్పరు. నేను తెనాలి ఆసుపత్రిలో పనిచేసిన కాలమంతా పిల్లల కాళ్ళతోనే గడిచింది. ఆ కాళ్ళు బాగుపడిందీ చెడిందీ కూడా సగానికి సగం మాటల వల్లే. అందుకే నా ఉద్యోగం గురించి రాయమంటే బదిలీలూ ప్రమోషన్లూ కాకుండా ఇది రాస్తున్నాను.

మాలిషు మనిషి

ఎనభైల మొదట్లో నేను చేరిన రోజున మా సూపరింటెండెంటు గారు నన్ను ఎగాదిగా చూసి, "ఏంటమ్మా, నువ్వు చేసేది మాలిషేనా?" అన్నారు. ఆయన ఎముకల డాక్టరు. చెయ్యి బంగారం, నోరు నిప్పు. నాకూ ముక్కు మీదే కోపం. "మాలిషు చేయడానికైతే ఇన్నేళ్ళు చదవక్కర్లేదండీ" అన్నాను. పక్కనున్న నర్సులు బిక్కచచ్చిపోయారు. ఆయన ఉతకాల్సిన దుప్పట్లు పడేసే గది చూపించి, "ఇదే నీ డిపార్టుమెంటు" అన్నారు. ఆ దుప్పట్ల వాసనలోనే నా సర్వీసు మొదలైంది.

సామాను ఏమీ లేదు. పెరట్లో రెండు వెదురు గడలు చేతికందే ఎత్తులో పక్కపక్కనే అడ్డంగా కట్టించి పిల్లల్ని వాటి మధ్య నడిపించేదాన్ని. పడుకున్న పిల్లల పాదాలు వాలిపోకుండా రెండు పక్కలా ఇసక సంచులు పెట్టాలి. ఆ సంచులు మా అమ్మ మిషను మీద కుట్టేది. సూర్యలంక బీచికి ఆదివారం షికారుకి వెళ్ళినవాళ్ళని బతిమాలి సన్నని ఇసక తెప్పించుకునేదాన్ని. వారంలో ఒకరోజు బాపట్ల, ఒకరోజు రేపల్లె పాసింజరెక్కి వెళ్ళి అక్కడి పిల్లల్ని చూసి రావాలి. జనం నోటికి ఫిజియోథెరపిస్టు అన్న మాట తిరక్క నన్ను "కాళ్ళమ్మగారు" అనేవాళ్ళు. మొదట్లో ఒళ్ళు మండేది. తరవాత ఎవరైనా అలా పిలవకపోతేనే వెలితిగా ఉండేది.

ఏ కాలికి వేయించారు?

ఆ రోజుల్లో పోలియో పిల్లలకి కొదవ లేదు. వానలు పడ్డాక రెండు మూడు నెలలు నా గది ముందు తల్లులు బారులు తీరి కూర్చునేవాళ్ళు. అందరిదీ ఒకే కథ. రాత్రి జ్వరం, పొద్దున్న కాలు వేలాడిపోయింది.

ఎవరొచ్చినా నేను మొదట అడిగేది ఒకటే: "జ్వరం వచ్చినప్పుడు సూది వేయించారా? ఏ కాలికి?" చాలాసార్లు పడిపోయిన కాలే చూపించేవాళ్ళు. ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు, పుస్తకాల్లో ఉన్నదే. పోలియో జ్వరంలో ఉన్న పిల్లకి పిర్రకి సూది గుచ్చితే జబ్బు ఆ కాలి మీదే పడే ప్రమాదం ఎక్కువ. కానీ మన వాళ్ళకి సూది పడకపోతే వైద్యం చేయించినట్టు కాదు. బాపట్ల దగ్గర ఒక ఆర్ఎంపీ నా దగ్గర మొత్తుకున్నాడు. "నన్నేం చేయమంటారండీ? మాత్రలిచ్చి పంపితే, ఈ మాత్రం బిళ్ళలు కొట్లో మేం కొనుక్కోలేమా, సూది వెయ్యి అంటారండి. ఎయ్యకపోతే పక్కూరి డాక్టరు దగ్గరకి పోతారండి." అతను చెప్పింది నిజమే. అలాగని నేను అతన్ని వదిలిపెట్టలేదు, కడిగిపారేశాను. పిల్ల కాలు పోయాక ఎవరి బతుకుతెరువైనా నాకేంటి?

ఒక ముసలమ్మ చీరాల వైపు నించి మనవణ్ణి తీసుకొచ్చింది. మగ్గం నేసేవాళ్ళు. కొడుకూ కోడలూ వద్దంటున్నా తనే పట్టుబట్టి పిల్లాడికి రెండు సూదులు వేయించింది. ఆ మాట ఆవిడే అమాయకంగా మా సూపరింటెండెంటు గారికి చెప్పింది. ఆయనకి ఎక్కడలేని కోపం వచ్చి, "అయితే వీడి కాలు నువ్వే తీశావు" అనేశారు. ఆ రోజు తరవాత పిల్లాణ్ణి తల్లే తీసుకొచ్చేది. ముసలమ్మ ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చి బయట రిక్షాల దగ్గరే కూర్చునేది, ఎంత పిలిచినా లోపలికి రాలేదు. పిల్లాడికి కసరత్తు చేయించాల్సింది ఇంట్లో ఉండే ఆవిడే. కానీ వాడి కాలు ముట్టుకోవడమే మానేసింది.

ఈ సంగతి చెబితే మా సార్ ముఖం మాడిపోయింది. "ఆ మాట ఆ సూది వేసినవాడితో అనాల్సింది. ముసల్దానితో అన్నాను" అన్నారు. తరవాత స్వయంగా రిక్షాల దగ్గరకి వెళ్ళి ఆవిడ పక్కన నిలబడి ఏదో మాట్లాడారు. ఏం మాట్లాడారో నాకు తెలియదు. ఆవిడ మాత్రం లోపలికి రాలేదు. నేను చూసిన పెద్దవాళ్ళలో ఆయనంత నిజాయితీ గల మనిషి లేడు, నోటిదురుసులో ఆయన్ని మించినవాడూ లేడు.

సువార్త

తొంభైల్లో చుక్కల ఆదివారాలు వచ్చాయి. ఊరూరా పిల్లల నోట్లో పోలియో చుక్కలు వేయడం మొదలైంది. ఏడాది తిరిగేసరికే నా గుమ్మం ముందు రద్దీ పలచబడుతోంది. తల్లులు కూర్చునే బల్ల ఖాళీగా కనిపిస్తే నాకు పండగలా ఉండేది. పని తగ్గితే ఇంత సంతోషించే ఉద్యోగం ఇంకోటి ఉందేమో నాకు తెలియదు.

అలాంటి రోజుల్లో రేపల్లె అవతల కృష్ణ ఒడ్డునున్న పల్లె నించి మరియమ్మ తన కూతుర్ని చంకనేసుకొని వచ్చింది. పిల్ల పేరు సువార్త, ఇంకా ఐదు నిండలేదు. మరియమ్మ కూలికి వెళుతుంది. భర్త దానియేలు ఇటుక బట్టీలో పని చేస్తాడు. ఒక్కతే కూతురు. నాలుగు రోజులు జ్వరం, తగ్గింది అనుకుంటుండగా పిల్ల మంచం దిగబోయి కూలబడిపోయింది. రెండు కాళ్ళూ పట్టు తప్పాయి. కుడికాలు కాస్త కదులుతోంది, ఎడమకాలు తొడ నించి పాదం దాకా మెత్తగా వేలాడుతోంది.

"చుక్కలు వేయించావా?" అన్నాను.

"ఒక్కసారి కూడా తప్పలేదండీ. మొన్న పోయిన నెల్లో కూడా ఏయించానండి" అంది మరియమ్మ. "సూది కూడా ఏయించలేదండి. మీరు వద్దన్నారని మా నర్సమ్మ చెప్పిందండి. ఏం చెయ్యమన్నారో అన్నీ చేశానండి. అయినా ఎందుకొచ్చిందండీ?"

అన్నీ సరిగ్గా చేసిన తల్లి అడిగే ప్రశ్న అది. పిల్లల డాక్టరు గారు చూశారు. పోలియో కావచ్చు, కాకపోవచ్చు, నరాల వాపు కావచ్చు, ఇంకేదో వైరస్ కావచ్చు అన్నారు. కాలు హఠాత్తుగా పడిపోయిన ప్రతి పిల్ల మలాన్నీ ఐసు పెట్టెలో పెట్టి పరీక్షకి పంపే పద్ధతి అప్పటికి వచ్చింది. సువార్తదీ పంపారు.

ఫలితం వచ్చేదాకా నా పని నేను చేశాను. మొదటి రోజుల్లో రుద్దడం పిసకడం పనికిరాదు, కాలు తిన్నగా ఉంచి వదిలేయాలి. పావురం రక్తం పూసి గట్టిగా రుద్దితే పట్టు వస్తుందని వాళ్ళ మేనత్త ఒక పావురాన్ని బుట్టలో పెట్టుకొని వార్డుకే వచ్చింది. ఆవిణ్ణీ పావురాన్నీ కలిపి బయటికి పంపించాను. నొప్పులు తగ్గాక కసరత్తు మొదలుపెట్టాం. సువార్త గడుసుది. "కాలెత్తు" అంటే, "నేనెత్తుతానే ఉన్నానండి, అదే లెగట్లేదు" అనేది. నెల దాటేసరికి కుడికాలు దాదాపు వచ్చేసింది. ఎడమ తొడలో కండ సన్నగా అదరడం నా వేళ్ళకి తెలిసింది. ఆ అదురు తెలిసిన రోజు నేను ఇంటికి వెళ్ళి స్వీటు చేసుకు తిన్నాను, మీరు నవ్వుకున్నా సరే.

ఇంటికి పంపుతూ మరియమ్మకి చెవిలో ఇల్లు కట్టుకొని చెప్పాను. రాత్రిపూట కాలికి చెక్క స్ప్లింటు కట్టాలి, మోకాలి కింద దిండు పెట్టకూడదు, చంకన ఎత్తుకొని తిప్పకూడదు, వారం వారం రేపల్లెలో నాకు చూపించాలి. అన్నిటికీ తలూపింది. రెండు మూడు వారాలు తప్పకుండా వచ్చింది కూడా. చివరిసారి వచ్చినప్పుడు సువార్త నా రెండు చేతులూ పట్టుకొని లేచి నిలబడింది.

మైకులో

ఇంతలో ఊళ్ళో ఇంకో గొడవ లేచింది. చుక్కలు వేయించుకున్న పిల్లకే కాళ్ళు పడిపోయాయి కాబట్టి చుక్కల వల్లే పడిపోయాయని పుకారు పుట్టింది. తరవాతి చుక్కల ఆదివారం ఆ పల్లెలో ఒక్క తల్లి కూడా పిల్లల్ని పంపలేదు. చుట్టుపక్కల ఊళ్ళకీ ఆ మాట పాకింది. ఆ చుక్కల పని చూసే ఆఫీసరు గారికి నిద్ర పట్టలేదు. ఆయన మంచి మనిషి, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. జీపులో తిరిగి తిరిగి ఆరోగ్యం పాడుచేసుకున్న మనిషి.

అలాంటప్పుడు పరీక్ష ఫలితం వచ్చింది. సువార్తది పోలియో కాదు.

ఆఫీసరు గారు పొంగిపోయారు. ఆ సంగతి ఊరందరికీ ఒకేసారి తెలియాలంటే ఆదివారం గుడి కంటే మంచి చోటు లేదనుకున్నారు. ఊళ్ళో ఎక్కువమంది లూథరన్లే. నేను కూడా అదే మతంలో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్న బడిపంతులు, ఆదివారం గుళ్ళో హార్మోనియం వాయించేవాడు. నాకు ఆ పిల్లా తల్లీ తెలుసని నన్నూ జీపెక్కించుకున్నారు.

ఆరాధన అయ్యాక పాస్టరు గారు మైకు ఆయన చేతికిచ్చారు. "అమ్మా, అయ్యా, మన సువార్తకి వచ్చింది పోలియో కాదు. పెద్ద ల్యాబులో పరీక్ష చేసి తేల్చారు. చుక్కల వల్ల ఏ ప్రమాదమూ లేదు. ఇక ఎవరూ భయపడక్కర్లేదు" అన్నారాయన. గుడంతా ఒక్కసారిగా హల్లెలూయ అంది. ఆడవాళ్ళు ఏడ్చారు. నాకూ కళ్ళు చెమర్చాయి. పోలియో అన్న మాట తొలగిపోతే ఎవరికి సంతోషం ఉండదు?

మరియమ్మ కొంగు తల మీదికి లాక్కొని లేచి నిలబడింది. మాలో దేవుడు మేలు చేస్తే సంఘం ఎదుట నిలబడి ఆ సంగతి చెప్పాలి, దాన్ని సాక్ష్యం అంటారు. "నా బిడ్డకి పోలియో అని అందరూ అన్నారండి. నేను ఉపవాసముండి ప్రార్థన చేశానండి. ప్రభువు పోలియో లేకుండా తీసేశాడండి. నా బిడ్డ స్వస్థపడింది" అంది. మళ్ళీ హల్లెలూయ.

నేను జనాన్ని తోసుకొని వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకొని, "మరియమ్మా, పోలియో కాదు సరే, కాలు ఇంకా రాలేదుగా. కసరత్తు ఆపకు, స్ప్లింటు విప్పకు" అన్నాను. "అట్టాగేనండి, అట్టాగేనండి" అంది. ఆవిడ చుట్టూ పది మంది చేతులు పట్టుకుంటున్నారు. నేను చెప్పింది చెవికెక్కలేదని నాకు అప్పుడే తెలుసు. మైకులో ఆఫీసరు చెప్పిన మాట ముందు కాళ్ళమ్మగారు చెవిలో చెప్పిన మాట ఎక్కడ నిలబడుతుంది?

జీపులో తిరిగొస్తూ ఆఫీసరు గారిని అడిగాను. "పోలియో కాదు సరేనండీ. మరి ఆ పిల్లకి వచ్చింది ఏంటండీ?"

"అది మన పరిధిలోది కాదమ్మా" అన్నారు. "కాదు అని తేలింది. మన పని అయిపోయింది."

ఆ ఊళ్ళో చుక్కలు మళ్ళీ మొదలయ్యాయి. అదేమీ చిన్న సంగతి కాదు, ఎంతమంది పిల్లల కాళ్ళు నిలిచాయో దేవుడికి తెలుసు. కానీ పరీక్ష పోలియో కాదనగానే ఆ పిల్ల ఎవరికీ పట్టని పిల్ల అయిపోయింది. పోలియో అయ్యుంటే ఆ జీపు మళ్ళీ మళ్ళీ వచ్చేది.

సాక్ష్యం

ఆ తరవాత వారం మరియమ్మ రాలేదు. వానలు, నాట్లు, సరే అనుకున్నాను. తరవాత కూడా రాలేదు. నర్సమ్మతో కబురు పంపితే, "స్వస్థత అయిందంటండీ, రానక్కర్లేదంటండీ" అని జవాబు వచ్చింది. రోడ్డు నీళ్ళలోంచి బయటపడ్డాక నేనే వెళ్ళాను.

సువార్త గడప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వి, చేతుల మీద దోగుతూ ఎదురొచ్చింది. ఎడమ మోకాలు మడతపడి ఉంది. నేను పట్టుకొని చాపబోతే చాచుకోలేదు. మడమ వెనక నరం బిగిసి పాదం కిందికి వంగిపోయింది. స్ప్లింటు చూరులో దోపి ఉంది. పడుకున్నప్పుడు పిల్లకి నొప్పి పుట్టకుండా మోకాలి కింద మెత్తటి దిండు పెడుతున్నారు, బయటికెళితే చంకన ఎత్తుకుంటున్నారు. అంతా ప్రేమే. నా నోరు ఊరుకోలేదు.

"కళ్ళు దొబ్బాయా మరియమ్మా? ఈ కాలు చూస్తూ ఎలా కూర్చున్నావే?"

మరియమ్మ పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. తరవాత గొంతు తగ్గించి, "అమ్మగారూ, మీరూ మన గుళ్ళో మనిషే. మీకు చెప్పక్కర్లేదు. నేను దేవుడి ముందర నిలబడి నా బిడ్డ స్వస్థపడింది అని సాక్ష్యమిచ్చానండి. మళ్ళీ బిడ్డనెత్తుకొని ఆసుపత్రికి పోతే ఊరంతా ఏమంటారండి? దేవుడి పేరు మీద అబద్ధమాడిందంటారు. లేకపోతే, నా నమ్మకం చాలకే కాలు రాలేదంటారు. పోలియో కాదు కదండీ, నిదానంగా అదే వస్తది" అంది.

ఇంకెవరైనా అయితే కేకలేసి వచ్చేదాన్ని. కానీ ఆ మాట నాకు తెలుసు. మా అమ్మ కూడా ఒకసారి తగ్గిందని గుళ్ళో సాక్ష్యం చెప్పిన జబ్బు తిరగబెడితే మందుసీసా కొంగు కింద దాచుకు తెచ్చుకుంది. ఆ పిల్ల కాలు వంచింది జబ్బొక్కటే కాదు. ఊరి ఎదుట ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలన్న తల్లి పట్టుదల కూడా. అలాంటి తల్లిని మూర్ఖురాలు అనడానికి నాకు నోరు రాలేదు.

నేరుగా పాస్టరు గారి దగ్గరకి వెళ్ళాను. ఆయన పెద్దవాడు, నెమ్మదస్తుడు. సంగతి విని తల పట్టుకున్నారు. "ఆ అమ్మాయి సిగ్గుపడుతోందని నేననుకోలేదమ్మా. కాలు బాగైందనే అనుకున్నాను" అన్నారు. ఆ ఆదివారం ప్రసంగంలో, వైద్యం కూడా దేవుడిచ్చిందే, ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళు విశ్వాసం పోగొట్టుకున్నట్టు కాదు అని చెప్పారట. మరియమ్మ విన్నది, తలవంచుకుని ఇంటికి వెళ్ళింది, ఆసుపత్రికి మాత్రం రాలేదు. చివరికి ఒక ఉదయం ఆయనే సైకిలేసుకొని వాళ్ళ గుమ్మం ముందు ఆగి, సువార్తని వెనక క్యారియరు మీద కూర్చోబెట్టుకొని, "నేను తీసుకెళుతున్నాను, నువ్వు నా వెనక రా. ఎవరైనా అడిగితే అయ్యగారు తీసుకెళ్ళాడని చెప్పు" అన్నారు. రేపల్లె స్టేషన్లో నేను ఆ ముగ్గుర్నీ చూసేసరికి ఏడుపాగలేదు. ఆ పని నెలల ముందే జరిగి ఉంటే ఎంత బాగుండేది.

ప్లాస్టరు

బిగిసిపోయిన మోకాలిని ఒక్కసారి లాగకూడదు. ప్లాస్టరు కట్టు వేసి, వారానికోసారి కోసి, కొద్దిగా చాచి మళ్ళీ కట్టాలి. పిల్లలకి అది నరకం. సువార్త ఒకసారి నా ముంజేతిని కరిచింది, రక్తం వచ్చింది. వెంటనే అదే ఏడుస్తూ, "నొప్పెట్టిందాండీ?" అని అడిగింది. నొప్పెట్టలేదే తల్లీ, ఇంకోసారి కొరుక్కో, కాలు మాత్రం లాక్కోకు అన్నాను. మరియమ్మ గోడవైపు తిరిగి నిలబడేది.

మోకాలు ముప్పాతిక మువ్వీసం తిన్నబడింది. పాదానికి ఆపరేషను మా సూపరింటెండెంటు గారు రిటైరయ్యే ముందు తన చేత్తో చేశారు. కానీ నా వేళ్ళకి తెలిసిన ఆ తొడ కండ అదురు, దాన్ని పెంచుకోవాల్సిన నెలలన్నీ మడతపడిన మోకాలి కింద దిండు మీదే పోయాయి. సువార్తకి తొడ దాకా ఇనప కడ్డీల కాలిపర్ వేశాం. దానితో కర్ర లేకుండా నడిచేది. ఆ నెలలు పోకపోతే కాలిపర్ లేకుండానే నడిచేదా అని మీరు అడుగుతారు. తెలియదు. నడిచేదేమో అన్నదే నన్ను ఇప్పటికీ పట్టి పీడిస్తోంది. ఆ జబ్బేంటో తెలిస్తే ఎంతవరకు వచ్చేదో చెప్పేవాళ్ళం. తెలియని జబ్బుకి అంచనా కూడా ఉండదు.

మీలో ఎవరైనా ఏ తల్లికైనా "ఫలానా జబ్బు కాదు" అని చెప్పాల్సి వస్తే ఆ మాట చెప్పేసి జీపెక్కకండి. కాకపోతే మరి ఏంటో, మీకూ తెలియకపోతే ఆ తెలియదన్న మాటా, రేపటి నించి ఏం చేయాలో ఆ మాటా కలిపి చెప్పండి. విడిగా చెప్పిన "కాదు" ఎంత పని చేస్తుందో నేను చూశాను.

రేపల్లె శిబిరం

పిల్లలు పెరిగేకొద్దీ కాలిపర్ పొడుగు మార్చాలి. దానికి తెనాలి రావాలి. బస్సు పాసు ఉంటే మరియమ్మకి సులువు. ఆ పాసుకి కావాల్సిన సర్టిఫికెట్టు ఇవ్వడానికి రేపల్లెలో వికలాంగుల శిబిరం పెట్టినప్పుడు నేనే కబురు పంపించాను. సువార్తకి అప్పటికి ఎనిమిదేళ్ళు. రెండు జడలు వేసుకొని, టకటకమని కాలిపర్ చప్పుడు చేసుకుంటూ తల్లి కంటే ముందు నడిచొచ్చింది.

బల్ల దగ్గర కూర్చున్నది కుర్ర డాక్టరు. పొద్దున్నించి జనాన్ని చూసి చూసి అలిసిపోయి ఉన్నాడు. కాలు చూసి, "పోలియోయేగా అమ్మా?" అన్నాడు.

"కాదండి" అంది మరియమ్మ.

"మరి?"

"పోలియో కాదండి. పెద్దాఫీసరుగారు మా గుళ్ళో మైకులో చెప్పారండి."

ఆ అబ్బాయి నావైపు చూశాడు. పరీక్షలో పోలియో కాదని వచ్చిందనీ, ఏంటో తేలలేదనీ చెప్పాను. "తేలని జబ్బుని నేనేమని రాయను మేడమ్? మళ్ళీ గుంటూరు పంపాలి, అక్కడ ఎన్నిసార్లు తిప్పుతారో. పోలియో అంటే ఇప్పుడే అయిపోతుంది" అన్నాడు. అతని తప్పేమీ లేదు.

మరియమ్మని పక్కకి తీసుకెళ్ళాను. "పోలియో అనేయవే. కాలు అదే కాలు కదా. పాసు వస్తుంది."

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. "అమ్మగారూ, నేను చేసిన ప్రార్థనకి దేవుడిచ్చిన జవాబు ఆ ఒక్క మాటేనండి. కాలు రాలేదు. ఆ మాటన్నా నాకు మిగలనివ్వండి" అంది.

గుంటూరుకే పంపమని చెబుదామని బల్ల వైపు తిరిగాను.

సువార్త టకటకమని మా మధ్యకి వచ్చింది. "అమ్మా, పోలియో అని చెప్పెయ్యమ్మా. నేను బళ్ళో అట్టాగే చెప్తన్నా" అంది.

మరియమ్మ అదిరిపడింది. "బళ్ళోనా? ఎందుకు చెప్తన్నావే? నీకొచ్చింది పోలియో కాదు కదే."

"మొదట్లో అదే చెప్పానే. మరేంటి అంటే ఏంటో ఎవరికీ తెలీదన్నా. అప్పుడు నా పక్కన ఎవరూ కూచోలా. అంటుకుద్దంట, వాళ్ళ అమ్మలు చెప్పారంట." పిల్ల ఏమీ బాధ లేకుండా, బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పుకుపోతోంది. "పోలియో అని చెప్పానా, మేం చుక్కలేయించుకున్నాంలే మాకు రాదు అని పక్కన కూచుంటన్నారు."

మరియమ్మ కూతురి ముఖం కేసి అలా చూస్తూ ఉండిపోయింది. తరవాత ముఖం తుడుచుకొని, నన్ను దాటుకొని, తనే బల్ల దగ్గరకి నడిచింది.

"రాసుకోండయ్యా" అంది. "పోలియోనే."